ఫీజు కాగితం మీద సర్కారుది, కౌంటర్ దగ్గర మనది

గన్నవరం బస్టాండుకు దగ్గర్లో హైవే పక్కన ఒక జిరాక్స్ షాపు ఉంది. అడ్మిషన్ల రోజుల్లో ఆ షాపు ముందు పది నిమిషాలు నిలబడితే, ఉన్నత విద్య గురించి మేము లైబ్రరీలో కూర్చుని చదివిన దానికంటే ఎక్కువే తెలుస్తుంది. టెన్త్ మార్కుల జాబితా, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఆధార్ అన్నీ మూడేసి సెట్లు తీయించుకుంటారు. మొన్న అడ్మిషన్ల సమయంలో మేమూ అక్కడే ఉన్నాం. కొడుకుని వెంటబెట్టుకుని వచ్చిన ఒకామె షాపు కుర్రాణ్ణి అడిగింది.

"బాబూ, ఈ ఆదాయం కాయితం పెడితే ఫీజు కట్టక్కర్లేదంటగా?"

"అక్కర్లేదమ్మా, గవర్నమెంటే ఇచ్చిద్ది. కాకపోతే కాలేజీవాళ్లు ముందు మిమ్మల్ని కట్టమంటారు. డబ్బులు పడ్డాక తిరిగిస్తామంటారు."

"ఎప్పుడు పడతాయి?"

కుర్రాడు మా వైపు చూశాడు. మా భుజానికి యూనివర్సిటీ పేరున్న సంచి ఉంది కాబట్టి మాకు తెలుస్తుందనుకున్నాడు. మా పీహెచ్‌డీ ఫెలోషిప్పే ఎప్పుడు పడుతుందో మాకు తెలియదు.

ఫీజుల పెంపు న్యాయమా, అన్యాయమా అని టీవీల్లో చర్చ పెట్టినప్పుడు ఒక పక్క కాలేజీ యాజమాన్యం, ఇంకో పక్క విద్యార్థి సంఘం కూర్చుంటాయి. యాజమాన్యం ఖర్చులు పెరిగాయంటుంది. సంఘం విద్య వ్యాపారం కాకూడదంటుంది. రెండూ నిజమే. ఈ రెంటి మధ్య ఆ జిరాక్స్ షాపు ముందు నిలబడ్డ తల్లి ప్రశ్న ఎక్కడా వినపడదు. ఆమె అడిగింది ఫీజు ఎంత అని కాదు. ఎవరు కడతారు, ఎప్పుడు కడతారు, అప్పటిదాకా మా పిల్లాడి పరిస్థితి ఏంటి అని. పల్లెల నుంచి చూస్తే ఫీజు ప్రశ్న మొదలయ్యేది అక్కడే.

గన్నవరం ఈ మాట మాట్లాడటానికి తగిన చోటు. ఊళ్లో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అది ప్రభుత్వానిది. నాలుగు కిలోమీటర్లు పోతే చినఅవుటపల్లిలో ప్రైవేటు మెడికల్ కాలేజీ ఉంది. నూజివీడు వైపు వెళ్తే 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ. హైవేకి అటూ ఇటూ ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు. కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్. రన్‌వే మీద దిగే విమానాన్ని మాగాణిలో నాట్లేసే కూలీ తలెత్తి చూస్తుంది. పుచ్చలపల్లి సుందరయ్యను అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం ఇది. ఇన్ని చదువుల మధ్య బతుకుతూ, ఏ గేటులోంచి లోపలికి పోవచ్చో, ఏ గేటు దగ్గర ఆగిపోవాలో పల్లెలోని పిల్లలకు బాగా తెలుసు. పశువైద్య కాలేజీలోకి ర్యాంకుతో పోవచ్చు. పక్కనున్న ప్రైవేటు మెడికల్ కాలేజీలోకి కన్వీనర్ కోటాలో పోవచ్చు, ఆపైన ఉన్న సీట్లకు మాత్రం ర్యాంకుతో పాటు ఇంకోటి కావాలి.

ఆ ఇంకోటి ఎంతో చెప్పే కేసు ఒకటి మన రాష్ట్రంలోనే నడిచింది. 2017 సెప్టెంబరు 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చి ప్రైవేటు మెడికల్ కాలేజీల ట్యూషన్ ఫీజును ఏడాదికి 24 లక్షల రూపాయలకు పెంచింది. అంతకు ముందున్న దానికి అది ఏడు రెట్లు. ఫీజులు నిర్ణయించడానికి ఒక కమిటీ ఉండగా, ఆ కమిటీ సిఫార్సు కోసం ఆగకుండా, యాజమాన్యాలు అడిగిందే తడవుగా ఇచ్చేశారు. హైకోర్టు కొట్టేసింది. నారాయణ మెడికల్ కాలేజీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 నవంబరు 7న జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ సుధాంశు ధూలియా బెంచ్ ఆ అప్పీలును కొట్టేసింది. ఏడు రెట్ల పెంపు ఏ రకంగానూ సమర్థనీయం కాదని, విద్య లాభాలు గడించే వ్యాపారం కాదని, ట్యూషన్ ఫీజు ఎప్పుడూ భరించగలిగేదిగా ఉండాలని చెప్పింది. అదనంగా వసూలు చేసింది తిరిగివ్వాలంది. ఇటు కాలేజీకి, అటు రాష్ట్ర ప్రభుత్వానికి కలిపి 5 లక్షల ఖర్చులు వేసింది.

తీర్పు మంచిదే. కానీ లెక్క చూడండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒక కుటుంబానికి వంద రోజుల పనీ దొరికితే ఏడాదికి 30,700. 24 లక్షల ఏడాది ఫీజు కట్టాలంటే ఆ కుటుంబం 78 ఏళ్లు తట్ట మోయాలి, అదీ ఒక్క రూపాయి తినకుండా. మొదటి ఏడాది ఫీజు కోసమే. ఆ జీవో మీద సంతకం పెట్టినవాళ్లకు ఈ లెక్క తెలియక కాదు. వాళ్ల కళ్ల ముందున్న విద్యార్థి వేరు, అంతే.

ఇది 2017లో మొదలైన రోగమూ కాదు. వైద్యవిద్యను బేరానికి పెట్టిన చరిత్ర మనకు పాతదే. క్యాపిటేషన్ ఫీజు నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. తొమ్మిదేళ్లు తిరక్కుండానే, 1992లో, ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు ఇచ్చిన అనుమతుల మీద హైకోర్టు తప్పుపడితే ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, 1993 ఫిబ్రవరిలో, ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సగం ఉచిత సీట్లు, సగం పేమెంట్ సీట్లు అనే పద్ధతి తెచ్చింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని తీసేసి, తమ ఫీజు తాము నిర్ణయించుకునే స్వేచ్ఛ యాజమాన్యాలకు ఇచ్చింది, లాభాపేక్ష కూడదన్న షరతుతో. షరతు సంగతి చెప్పక్కర్లేదు.

ప్రైవేటు వాళ్లు అంతే అనుకుని ప్రభుత్వ కాలేజీల వైపు చూస్తే, అక్కడా ధరల పట్టీ వేలాడుతోంది. 2023లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో అయిదు కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. ఒక్కో దాంట్లో 150 సీట్లు, మొత్తం 750. మచిలీపట్నం మన జిల్లా కేంద్రం. పిల్లలు సంబరపడ్డారు. అదే ఏడాది జులైలో 107, 108 నంబర్ల జీవోలు వచ్చాయి. ఆలిండియా కోటా పోగా మిగిలిన సీట్లలో సగమే మామూలు సీట్లు, ఫీజు ఏడాదికి 15 వేలు. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు, ఏడాదికి 12 లక్షలు. 15 శాతం ఎన్ఆర్ఐ సీట్లు, ఏడాదికి 20 లక్షలు. ఒకే ప్రభుత్వ భవనం, ఒకే అధ్యాపకుడు, ఒకే శవం మీద నేర్చుకునే అనాటమీ, మూడు ధరలు.

అప్పటి ప్రభుత్వం చెప్పిన కారణం కాలేజీలు నడపడానికి డబ్బు కావాలని. దీన్ని కొట్టిపారేయలేం. ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడపడం చిన్న ఖర్చు కాదు. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి తీస్తున్నారన్నదే అసలు సంగతి. సీటు నుంచి తీస్తున్నారు. రిజర్వేషన్ రాజ్యాంగం ఇచ్చిన హక్కు, దాన్ని తగ్గించాలంటే అసెంబ్లీలో గొడవవుతుంది, కోర్టులో కేసవుతుంది. ధర పెంచితే ఏ గొడవా లేదు. ఒక సీటు మీద 12 లక్షల చీటీ అంటించాక దానికి రిజర్వేషన్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే తప్ప ఆ సీట్లకు వర్తించదు. మన పిల్లలకు ఆ సగం మామూలు సీట్ల వాటాలోనే పోటీ. కాలేజీలు పెరిగాయని చెప్పే అంకె వేరు, మనకు తెరుచుకున్న తలుపుల అంకె వేరు.

ఆ జీవోలను అధికారంలోకి వచ్చిన వంద రోజుల్లో రద్దు చేస్తామని అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న నారా లోకేశ్ చెప్పారు. 2024లో ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరు వచ్చేసరికి చర్చ ఆ జీవోల దగ్గర లేదు. పది కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీ పద్ధతిలో ప్రైవేటు భాగస్వాములకు ఇవ్వాలన్న నిర్ణయం దగ్గర ఉంది. 107, 108 తెచ్చిన పార్టీయే ఇప్పుడు ప్రైవేటీకరణ వద్దని సంతకాలు సేకరించింది. రద్దు చేస్తామన్న పార్టీయే ప్రైవేటు భాగస్వామ్యం తెచ్చింది. మేము ఏ పార్టీ పక్షమూ కాదు కాబట్టి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పగలుగుతున్నాం.

ఇప్పుడు అసలు విషయానికి, ఆ తల్లి అడిగిన విషయానికి వద్దాం. ఫీజులు పెరిగితే మీకేం, ఎస్సీలకు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని తోటి విద్యార్థులే అంటుంటారు. హాస్టల్ గదుల్లో ఈ మాట మేము ఎన్నిసార్లు విన్నామో.

ఈ రీయింబర్స్‌మెంట్ ఎవరి దయా కాదు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ అంబేడ్కర్ పట్టుబట్టి సాధించిన డబ్బు అది. అంతకంటే ముందే, 1917 నవంబరులో, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో మనవాళ్లు సభ పెట్టుకున్నారు. పంచములు కాదు, ఆది ఆంధ్రులం అని ప్రకటించుకున్నారు. ఆ సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని పెద్దలు చెబుతారు. గుడి మూసుకుంటే మూసుకోనీ, బడి తెరవమన్నది ఆ తరం మాట. వందేళ్ల నుంచి నడుస్తున్న ఈ అడుగును 2008లో ఒక పథకం పేరుతో మొదలైనట్టు చెప్పుకోవడం మాకు రుచించదు. అయినా 2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వెనుకబడిన తరగతులకు, ఇతర పేదలకు కూడా పూర్తి ఫీజు కడతామనడం వల్ల లక్షల ఇళ్లలో మొదటి ఇంజనీరు, మొదటి నర్సు, మొదటి ఫార్మసిస్టు తయారయ్యారు. అది కాదనలేని నిజం. ఆ ఊపులోనే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మాగాణి మధ్య ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయన్నదీ నిజమే.

అక్కడి నుంచి డబ్బు ఏ దారిన వెళ్లాలన్నదే రాజకీయమైంది. మొదట ప్రభుత్వం నేరుగా కాలేజీకి కట్టేది. 2019 తర్వాత విద్యా దీవెన అని పేరు పెట్టి, 2021 నుంచి తల్లి ఖాతాలో వేశారు. ఆమె వెళ్లి కాలేజీలో కట్టాలి. కాలేజీలు కోర్టుకెళ్లాయి. 2021 సెప్టెంబరులో హైకోర్టు తల్లుల ఖాతాల్లో వేయడాన్ని తప్పుపట్టింది. తర్వాత తల్లీ బిడ్డల జాయింట్ ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. మధ్యలో కేంద్రం 2020 డిసెంబరులో ఎస్సీ స్కాలర్‌షిప్ నియమాలు మార్చి, ఖర్చులో 60 శాతం తనది, 40 శాతం రాష్ట్రానిది అంది. తన వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోనే వేస్తానంది. ఒక పిల్ల డిగ్రీలో చేరి బయటికొచ్చేలోపు డబ్బు దారి రెండు మూడుసార్లు మారింది. ఎవరి ఖాతాలో వేసినా ఆలస్యం మాత్రం మారలేదు.

తల్లుల ఖాతా గురించి ఒక మాట చెప్పాలి. ఆ డబ్బు తల్లులు వాడేసుకుంటున్నారు, కాలేజీకి కట్టడం లేదు అని యాజమాన్యాలు పదేపదే అన్నాయి. కొందరు వాడుకున్నారేమో, మేము కాదనం. విడత డబ్బు ఏడాది ఆలస్యంగా పడేసరికి అప్పటికే వడ్డీకి తెచ్చి ఫీజు కట్టిన తల్లి, ఆ డబ్బుతో వడ్డీ వ్యాపారి బాకీ తీర్చుకుంటే దాన్ని వాడుకోవడం అంటారా? ఆమె కట్టిన వడ్డీని ఏ ప్రభుత్వమూ రీయింబర్స్ చేయలేదు. ఆ మాట ఏ పిటిషన్‌లోనూ మేము చూడలేదు.

బకాయిలు వేల కోట్లున్నాయి. పాత ప్రభుత్వం పెట్టిపోయిందని కొత్త ప్రభుత్వం, కొత్త ప్రభుత్వం ఇవ్వడం లేదని పాత ప్రభుత్వం అంటాయి. 2025 మార్చి 12న వైఎస్సార్ కాంగ్రెస్ దీని మీద యువత పోరు చేసింది. తెలంగాణలో అయితే 2025 నవంబరు మొదటి వారంలో ప్రైవేటు కాలేజీలు బకాయిలు ఇవ్వాలంటూ ఏకంగా మూసుకున్నాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య నడిచే ఈ బాకీ గొడవలో తాకట్టు వస్తువు ఎవరు? విద్యార్థి. ఇంకా చెప్పాలంటే విద్యార్థి సర్టిఫికెట్.

మాకిది చదివి తెలిసిన విషయం కాదు. మా డిగ్రీ పూర్తయ్యాక పీజీ కౌన్సెలింగ్‌కు ఒరిజినల్స్ కావాలని కాలేజీకి వెళ్తే, ఆఫీసు కిటికీలోంచి ఒక వేలు నోటీసు బోర్డు వైపు చూపింది. ప్రభుత్వం నుంచి చివరి ఏడాది ఫీజు రాలేదు కనుక ఆ మొత్తం కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లాలి, వచ్చాక తిరిగి ఇస్తాం. మా నాన్న వరి కోతలకెళ్లిన ఆసామి దగ్గర ముందస్తు కూలి కింద డబ్బు తెచ్చారు. ఆ తర్వాతి రెండు సీజన్లు ఆయన ఆ ఆసామికి కట్టుబడి పనిచేశారు. ప్రభుత్వ డబ్బు వచ్చాక కాలేజీ తిరిగి ఇచ్చిందా అంటే, సగం ఇచ్చింది. మిగతాది బిల్డింగ్ ఫండ్, లైబ్రరీ ఫైను అన్నారు. మేము ఆ లైబ్రరీ నుంచి ఇంటికి తెచ్చుకున్న పుస్తకాలు రెండు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వాలూ అప్పుడప్పుడు హెచ్చరిస్తుంటాయి. హెచ్చరిక పేపర్లో వస్తుంది, పిల్లలు దాన్ని కత్తిరించి కాలేజీకి తీసుకెళ్తారు, క్లర్కు చదివి మడిచి తిరిగిస్తాడు. ఫిర్యాదు చేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఇంకా ప్రాక్టికల్స్ మిగిలున్న పిల్ల, ఇంటర్నల్ మార్కులు ఆ కాలేజీ చేతిలో ఉన్న పిల్ల ఎవరి మీద ఫిర్యాదు చేస్తుంది?

పీజీ పరిస్థితి ఇంకా దారుణం. 2020 డిసెంబరు 25న, పండగ రోజు, జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్, వసతి దీవెన వర్తించవని దాని సారాంశం. యూనివర్సిటీ క్యాంపస్‌లోనూ ప్రభుత్వ కాలేజీలోనూ చదివితేనే ఇస్తారట. వినడానికి న్యాయంగానే ఉంది, ప్రభుత్వ డబ్బు ప్రభుత్వ సంస్థకే పోవాలి కదా అనిపిస్తుంది. ఆ వాదన మాకూ నచ్చుతుంది. ఐతే ప్రభుత్వ సంస్థలో సీట్లేవి? నిడమర్రులోనో ఉయ్యూరులోనో పెళ్లయి, చంటిబిడ్డతో ఉన్న మాదిగ అమ్మాయి ఎంబీఏనో ఎమ్మెస్సీనో చదవాలంటే బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగే కాలేజీ కావాలి. అది ప్రైవేటుదే అయి ఉంటుంది. క్యాంపస్‌లో సీట్లు పెంచకుండా, హాస్టళ్లు కట్టకుండా, ముందు ప్రైవేటు తలుపు మూశారు. యువగళం పాదయాత్రలో ఈ జీవోను రద్దు చేస్తామన్న హామీ వచ్చింది. ప్రభుత్వం మారాక కూడా విద్యార్థి సంఘాల బ్యానర్ల మీద 77 అనే అంకె పోలేదు. ఆ జీవో కింద పీజీ మానుకున్న వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలని మేము చూసిన నాలుగైదు ఊళ్ల అనుభవంతో చెబుతున్నాం. రాష్ట్రమంతటికీ చెప్పడం లేదు.

ఫీజులు పెంచాలనేవాళ్ల వాదనలో గట్టిది ఒకటుంది, దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం నిజాయితీ కాదు. ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ ఫీజు తీసుకోండి, లేనివాళ్లకు పూర్తిగా ఇవ్వండి, తక్కువ ఫీజు అందరికీ పెడితే లాభపడేది కార్లలో వచ్చేవాళ్లే అంటారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో పాత ఫీజులు టీ ఖర్చుకు కూడా చాలవు, అధ్యాపకులు లేరు, ల్యాబుల్లో రసాయనాలు లేవు అన్నదీ నిజమే. మేమూ ఆ ల్యాబులు చూశాం. గెస్ట్ ఫ్యాకల్టీగా మేమే పాఠాలు చెప్పాం, గంటకు ఇంత అని.

ఈ వాదన నిలబడాలంటే సాయం సమయానికి అందాలి, మొత్తం అందాలి, అర్హత గీత సరైన చోట గీయాలి. మూడింట్లో ఒక్కటీ జరగడం లేదు. మొదటి రెండూ చెప్పుకున్నాం. గీత సంగతి చూద్దాం. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. నెలకు 20,833 రూపాయలు. ఆటో నడిపే తండ్రికి పదిన్నర వేలు, ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ ఆయాగా చేసే తల్లికి పదిన్నర వేలు వస్తే కలిపి 21 వేలు. ఏడాదికి 2,52,000. రెండు వేలు ఎక్కువైనందుకు మొత్తం ఫీజు వాళ్ల నెత్తిన పడుతుంది. మున్సిపల్ పారిశుధ్య కార్మికుల జీతం కూడా సరిగ్గా ఈ 21 వేల దగ్గరే ఉంది. ఆ కార్మికుల పిల్లలకు రాష్ట్రంలో ఆదాయ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే ఆ గీత తప్పని ప్రభుత్వానికే తెలుసు. మినహాయింపు ఇవ్వడానికి తెలిసింది, గీత మార్చడానికి తెలియలేదు.

ఫీజు ఒక్కటే ఖర్చు అనుకోవడం ఇంకో పొరపాటు. కేంద్రం ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే అకడమిక్ అలవెన్సు చూడండి. డిగ్రీ, పీజీ స్థాయి వృత్తి కోర్సుల్లో హాస్టల్లో ఉండేవాళ్లకు ఏడాదికి 13,500. నెలకు 1,125. విజయవాడలో మెస్ బిల్లు ఎంతో చదివేవాళ్లకు తెలుసు. ఇక్కడి పశువైద్య విద్యార్థులు 2025 మొదట్లో సమ్మెకు దిగింది ఫీజు గురించి కాదు, నెలకు 7,000 ఉన్న ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ పెంచమని. గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్న వాళ్లను హైవే మీద పోయేవాళ్లు వింతగా చూశారు. డాక్టర్లు కూడా ధర్నా చేస్తారా అని.

ఇంకో మాట మన సంఘాలు కూడా తక్కువగా మాట్లాడుతున్నాయి. ఎస్సీ విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంట్ ఖర్చును ఎస్సీ సబ్‌ప్లాన్ కింద రాస్తారు. 2013లో ఎన్నో పోరాటాల తర్వాత సాధించుకున్న సబ్‌ప్లాన్ చట్టం ఉద్దేశం మన పల్లెల్లో అదనంగా ఖర్చు పెట్టడం. ప్రైవేటు కాలేజీ ఫీజు పెరిగిన ప్రతిసారీ సబ్‌ప్లాన్ నుంచి ఆ కాలేజీకి పోయే డబ్బు పెరుగుతుంది. అంతే మేరకు భూమి కొనుగోలుకు, హాస్టల్ భవనాలకు, స్వయం ఉపాధికి మిగిలేది తగ్గుతుంది. అంటే ఫీజు పెంపు ఎస్సీలను తాకదన్నది పచ్చి అబద్ధం. పిల్లాడు జేబులోంచి కట్టకపోయినా, వాడి మేనమామకు రావలసిన బోరు బావిలోంచి కడుతున్నాడు. కాలేజీ యజమానులు ఏ కులాలవాళ్లో కృష్ణా డెల్టాలో ఎవరినీ అడగక్కర్లేదు. మాలమాదిగల పేరున కేటాయించిన డబ్బు ఎవరి ఖాతాల్లో చేరుతోందో లెక్క తీస్తే అదొక మంచి పీహెచ్‌డీ అవుతుంది. గైడు దొరకాలి, అంతే.

పరిశోధన స్థాయిలో ఈ కథ ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయే ముందు రాసిన లేఖలో తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బయ్యయిదు వేల రూపాయల సంగతి ఉంది. గుంటూరు నుంచి వెళ్లిన పిల్లాడు. ఆ లేఖ గురించి మాట్లాడేటప్పుడు నక్షత్రాల దగ్గర ఆగిపోతారు చాలామంది. మేము ఆ బకాయి దగ్గర ఆగుతాం. దాని తర్వాత కూడా 2023లో ఉస్మానియా యూనివర్సిటీ పీహెచ్‌డీ ఫీజును సామాజిక శాస్త్రాల్లో రెండు వేల నుంచి ఇరవై వేలకు పెంచింది. పదింతలు. క్యాంపస్‌లో విద్యార్థులు ఆందోళన చేశారు. ఫెలోషిప్ ఉన్నవాళ్లకు ఇరవై వేలు పెద్ద మొత్తం కాదని వాదించారు కొందరు. ఫెలోషిప్ ఆరేడు నెలలు ఆగితే ఇరవై వేలు ఎంత పెద్దవో ఆ వాదించినవాళ్లకు తెలియదు. ఫెలోషిప్పే లేనివాళ్ల గురించి వేరే చెప్పాలా.

దక్షిణాఫ్రికాలో 2015 అక్టోబరులో విట్స్ యూనివర్సిటీ ఫీజును 10.5 శాతం పెంచాలనుకుంది. పదిన్నర శాతం, ఏడు రెట్లు కాదు. నల్లజాతి విద్యార్థులు గేట్లు మూసేశారు, దేశమంతా పాకింది, ఫీజులు కూలాలి అన్నది వాళ్ల నినాదం. అక్టోబరు 23న అధ్యక్షుడు జుమా మరుసటి ఏడాదికి పెంపే లేదని ప్రకటించాడు. 2017 డిసెంబరులో, ఏడాదికి మూడున్నర లక్షల రాండ్ల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు ఉన్నత విద్య ఉచితమన్నారు. ఆ ఉద్యమంలో విద్యార్థులు క్యాంపస్‌లో ఊడ్చే, వండే కాంట్రాక్టు కార్మికులను పర్మనెంట్ చేయాలని కూడా అడిగారు. వాళ్లలో చాలామందికి ఆ కార్మికులు అమ్మలు, అక్కలు. మన క్యాంపస్‌లలో ఊడ్చేవాళ్లెవరో, మన పోస్టర్లలో వాళ్ల డిమాండు ఎన్నిసార్లు పెట్టామో ఆలోచించుకోవాలి. అక్కడ కూడా ఉచితం అన్నాక డబ్బు ఆలస్యమవడం, పిల్లలు మళ్లీ రోడ్డెక్కడం మామూలైంది. కాబట్టి జీవో రావడంతో పని అయిపోయిందనుకోకూడదని వాళ్ల నుంచీ నేర్చుకోవచ్చు.

మా వరకు మేము అడిగేది పెద్దదేమీ కాదు. ప్రభుత్వం కట్టాల్సిన విడత తేదీ దాటితే ఆ బాకీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్యే ఉండాలి, విద్యార్థి పేరు మీద ఒక్క రోజు కూడా రాయకూడదు. ఆలస్యానికి వడ్డీ పడితే అది కూడా ప్రభుత్వమే భరించాలి. అప్పుడు ఆలస్యం ఎంత ఖరీదో ఆర్థిక శాఖకు తెలుస్తుంది. సర్టిఫికెట్ ఆపిన కాలేజీకి ఆ ఏడాది కన్వీనర్ కోటా కౌన్సెలింగ్‌లో చోటివ్వకూడదు, అది చేతిలో ఉన్న అధికారమే, కొత్త చట్టం అక్కర్లేదు. ఆదాయ గీత దాటిన రోజున మొత్తం సాయం ఆగిపోకుండా మెట్లు మెట్లుగా తగ్గాలి. పీజీకి క్యాంపస్ సీటు చూపించలేనంత కాలం ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టాలి. సబ్‌ప్లాన్ నుంచి ఏ యాజమాన్యానికి ఎంత పోయిందో కాలేజీల వారీగా ఏటా బయటపెట్టాలి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో 12 లక్షల సీటు ఉండకూడదు. ఉండాలంటారా, దాన్ని ప్రభుత్వ కాలేజీ అనడం మానేయాలి.

జిరాక్స్ షాపు దగ్గర ఆ రోజు ఆ తల్లికి మేము చెప్పగలిగింది తక్కువే. కాలేజీవాళ్లు డబ్బు కట్టమంటే రసీదు లేకుండా కట్టొద్దన్నాం. రసీదు మీద ట్యూషన్ ఫీజు అని రాయించుకోమన్నాం, బిల్డింగ్ ఫండ్ అని రాస్తే ఒప్పుకోవద్దన్నాం. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోమన్నాం, జిరాక్సులే ఇవ్వమన్నాం. ఆమె శ్రద్ధగా విని, కొడుకు వైపు తిరిగి, "విన్నావా నాన్నా, అన్నయ్య చెప్పేది రాసుకో" అంది. తర్వాత కుర్రాడితో, "బాబూ, ఇంకో రెండు సెట్లు తియ్యి" అని, కొంగు ముడి విప్పి డబ్బులు లెక్కపెట్టింది.